అత్తను గొడ్లచావిట్లో పడుకోబెట్టిన కోడలు

మా అత్తగారిని గొడ్లచావిట్లో పడుకోబెట్టిన కోడల్ని నేనే. ఊరంతా అలాగే అనేది. బావి దగ్గర అనేది, పత్తిచేలో అనేది, నా మొహం మీద అనకపోయినా నాకు వినబడేటట్టు అనేది. అబద్ధమైతే ఏడ్చేదాన్నేమో. నిజం కాబట్టి ఏడవలేదు. తల ముగ్గుబుట్టయిన ఈ వయసులో కూడా, నువ్వు చేసిన మంచిపని ఒకటి చెప్పమని ఎవరైనా అడిగితే ముందు అదే చెబుతాను.

మాది పొన్నూరు పక్కన మాగాణి ఊరు. దేశానికి స్వతంత్రం వచ్చిన నాలుగైదేళ్ళకి నన్ను ప్రత్తిపాడు దగ్గర మెట్ట ఊరికి ఇచ్చారు. దూరం చెప్పుకోదగ్గదేమీ కాదు, పొద్దున బస్సెక్కితే మధ్యాహ్నం భోజనానికి అందుకోవచ్చు. కానీ రెండు చోట్లా ఇల్లు కట్టే తీరు వేరు, ఇంట్లో ఉండే తీరు వేరు. మా వైపు ధాన్యాన్ని వాకిట్లో పురి కట్టి నిలవ చేస్తారు. గడ్డితాడు చుట్టలు చుట్టలుగా చుట్టి, మనిషికి రెండింతల ఎత్తున కట్టి, పైన గడ్డి కప్పుతారు. పంట బయట ఉంటుంది, మనుషులు లోపల ఉంటారు. లోకమంతా ఇలాగే ఉంటుందని నేననుకున్నాను.

మెట్టలో అలా కాదు. మిరపకాయకి చెమ్మ తగిలితే నల్లబడుతుంది. పత్తి తడిస్తే ఎందుకూ పనికిరాదు. అందుకని పంట లోపలికి వస్తుంది, మనుషులు ఎక్కడ ఖాళీ దొరికితే అక్కడ సర్దుకుంటారు. అదేమిటని అడిగితే, "లక్ష్మిని వాకిట్లో పడుకోబెడతారా?" అని నన్నే ఎదురడిగేవాళ్ళు.

సంబంధం మాట్లాడటానికి మా నాన్న మొదటిసారి ఆ ఇంటికి వెళ్ళినప్పుడు గడప దాటగానే ఏడు తుమ్ములు తుమ్మాడట. మామూలుగా ఒక్క తుమ్ము వినబడితే చాలు, ప్రయాణం మానుకుని కూర్చునే మనిషి ఆయన. అక్కడి వాళ్ళేమో నవ్వి, "మిరప తుమ్ముకి శకునం లేదండీ" అన్నారట. ఆ వైపున అదొక మర్యాద. ఇంట్లో అడుగుపెట్టిన చుట్టం తుమ్మితే ఆ ఇంట్లో పంట ఉన్నట్టు. తుమ్మకుండా మంచినీళ్ళు తాగి వెళ్ళాడంటే, పాపం ఈ ఏడు వీళ్ళకి చేను దెబ్బతిన్నట్టుంది అని ఊళ్ళో గుసగుసలు బయలుదేరేవి. మా నాన్న ఎర్రబడ్డ కళ్ళతోనే ఇంటికొచ్చి, "నిండుగా ఉన్న ఇల్లే" అని మా అమ్మతో చెప్పాడు. నా పెళ్ళి తుమ్ముల మీద కుదిరిందని మా చెల్లెళ్ళు చాలా ఏళ్ళు ఏడిపించారు.

ఆ నిండుదనం ఏమిటో కాపురానికి వెళ్ళాక తెలిసింది. మట్టిగోడల పెంకుటిల్లు. నడిమి గది మీద ఈ గోడ నుంచి ఆ గోడ దాకా చెక్కలు పరిచిన అటక. మాఘమాసం నుంచి కల్లంలో ఎండిన మిరపకాయలు బస్తాలకెక్కి నిచ్చెన మీదుగా ఆ అటక మీదకి చేరేవి. అక్కడ పట్టనివి నడిమి గదిలోనే గోడ పొడుగునా పేర్చేవాళ్ళు. శ్రావణం వచ్చి మంచి ధర పలికేదాకా అక్కడే ఉండేవి. ఆ గదికి కిటికీ లేదు. కిటికీ పెడితే దొంగకి దారి, పంటకి చెమ్మ అనేవాళ్ళు. పిల్లి నడిచినా, గాలి విసిరినా చెక్కల సందుల్లోంచి సన్నటి ఎర్రదుమ్ము రాలేది. మంచినీళ్ళ బిందె మీద మూత తీస్తే మూత చుట్టూ ఎర్రటి గీత ఉండేది.

ఆ అటక కిందే మా అత్తయ్య మంచం. పంట ఇంట్లో ఉన్నన్నాళ్ళూ ఇంటి ఇల్లాలు దాని కిందే పడుకోవాలని ఆ ఇంటి ఆచారం. అటక తాళం ఆవిడ మొలలో ఉండేది. మగవాళ్ళు అరుగు మీదో, కల్లంలోనో, చేలోనో పడుకునేవాళ్ళు. నాకూ మా వారికీ పెరటివైపు చిన్న వసారా ఇచ్చారు.

ఇక గొడ్లచావిడి సంగతి చెప్పాలి. మా మామయ్యగారికి ఒంగోలు ఎడ్లంటే ప్రాణం. ఇల్లు మేస్త్రి చెప్పినట్టు కట్టించాడు గానీ చావిడి మాత్రం తాను చెప్పినట్టు కట్టించాడు. కట్టబోయే ముందు ఒక ఎండాకాలమంతా ఆ స్థలంలో రోజుకో చోట నిలబడి, చిటికెడు దూది వదిలి అది ఎటు పోతుందో చూశాడట. వడగాలి కొట్టకుండా పడమటి గోడ నిండుగా లేపించాడు. దక్షిణానికీ ఉత్తరానికీ నడుమెత్తు గోడలు పెట్టి పైన ఖాళీ వదిలేశాడు. కింద నాపరాళ్ళు, నీళ్ళు నిలవకుండా వాటం, పైన మందంగా తాటాకు. వైశాఖం ఎండలో కూడా చావిట్లోకి అడుగుపెడితే ఒళ్ళు చల్లబడేది. చుట్టుపక్కల ఊళ్ళ రైతులు వచ్చి చూసిపోయేవాళ్ళు. "ఎద్దుకి గాలాడకపోతే మెడ వాలిపోద్ది" అనేవాడు మామయ్యగారు, వేదం చెప్పినట్టు.

మనిషికి గాలాడకపోతే ఏమవుతుందో ఆ ఇంట్లో ఎవరూ అడగలేదు. దానికి జవాబు మాత్రం రోజూ ఎదురుగా తిరుగుతూనే ఉండేది.

మా అత్తయ్య పొడగరి. మామయ్యగారికి స్వయానా మేనమామ కూతురు, ఆయన్ని "బావా" అనే పిలిచేది. నేను వెళ్ళేసరికి ఆవిడకి నిండా యాభయ్యేళ్ళు లేవు. కానీ బావి నుంచి బిందెడు నీళ్ళు తేవాలంటే మూడు చోట్ల కూర్చునేది. మొదట బావిగట్టు మీద, తరవాత చావిడి మెట్టు మీద, ఆఖరికి ఇంటి గడప మీద. కూర్చున్నప్పుడల్లా రెండు చేతులూ మోకాళ్ళ మీద ఆనించి, భుజాలు ఎగరేస్తూ ఊపిరి లాక్కునేది. దగ్గు మొదలైతే పొయ్యి మీద అన్నం మాడిపోవాల్సిందే. ఉబ్బసం అన్నారు. "మా నాయనకీ ఉండేది, నాకూ వచ్చింది" అని ఆవిడే తేల్చేసింది. మిరియాల కషాయాలు, మాత్రలు, గుంటూరులో సూదిమందులు అన్నీ అయ్యాయి. ఏదో ఒక మందు శ్రావణంలో పనిచేసేది. మళ్ళీ మాఘంలో పనిచెయ్యటం మానేసేది.

దాచుకోవటం దేనికి, మొదటి ఏడాది నేను ఆ దగ్గుని నమ్మలేదు. అత్తలకి పని తప్పించుకునే ఉపాయాలు చాలా ఉంటాయని మా ఊళ్ళో విని వెళ్ళినదాన్ని. నేను కడవ ఎత్తినప్పుడే ఆవిడకి దగ్గు వస్తుందని మా అమ్మకి ఉత్తరం కూడా రాయించాను. ఆ ఉత్తరం తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

రెండో ఏడాది చైత్రంలో ఆవు ఈనింది. ఆ ఆవు పొగరుబోతు. అత్తయ్యని తప్ప ఎవర్నీ దగ్గరికి రానిచ్చేది కాదు. తొలిచూలు కష్టంగా జరిగింది, దూడ నిలదొక్కుకోవటానికి నాలుగు రోజులు పట్టింది. ఆ నాలుగు రోజులూ అత్తయ్య చావిట్లోనే మంచం వేసుకుంది. పంట కాపలాకి నన్ను అటక కింద పడుకోమంది.

నాలుగో రోజు పొద్దున నేను వాకిట్లో మజ్జిగ చిలుకుతున్నాను. అత్తయ్య చావిట్లోంచి బావికి వెళ్ళింది. కడవ నింపింది. చంకనెత్తుకుని వచ్చింది. గట్టు మీద కూర్చోలేదు, మెట్టు మీద కూర్చోలేదు, గడప మీద కూర్చోలేదు. తిన్నగా లోపలికి వెళ్ళి కడవ దించి, చెంబు ఏదని నన్ను గదమాయించింది. నా చేతిలో కవ్వం ఆగిపోయింది.

ఆవిడ గమనించుకోలేదు. నేనూ ఏమీ అనలేదు. దూడ బాగుపడింది కదా అని ఆ రోజే మళ్ళీ మంచం లోపల వేసుకుంది. మర్నాడు పొద్దున గడప మీద కూర్చుంది. ఆ మర్నాడు మెట్టు మీద కూడా కూర్చుంది.

అయిదో తరగతి దాటని చదువు నాది. నాకు ఏ డాక్టరూ ఏమీ చెప్పలేదు. కానీ ఎద్దుని కొనేవాడు ఊరికే నమ్మడు కదా, నాలుగడుగులు నడిపించి చూస్తాడు. నేనూ అలాగే చూద్దామనుకున్నాను. "అత్తయ్యా, దూడ సరిగ్గా తాగటం లేదు" అని అబద్ధం చెప్పాను. పరుగున వెళ్ళి చావిట్లో మూడు రోజులు పడుకుంది. దగ్గు పోయింది. లోపలికి వచ్చింది, దగ్గు వచ్చింది. వారం ఆగి ఇంకో అబద్ధం చెప్పాను. మళ్ళీ అంతే. ఈలోగా అటక కింద పడుకున్న నాకు కళ్ళు మండటం, పొద్దున లేస్తే గొంతులో గరగర మొదలయ్యాయి. ఇరవయ్యేళ్ళ ఒంటికే ఇలా ఉంటే ఆవిడ ఎన్నేళ్ళుగా పడుకుంటోంది దీని కింద అని లెక్కేసుకున్నాను. పెళ్ళయి వచ్చిన ఏడాది నుంచి. ముప్పయ్యేళ్ళ పైమాట.

మూడోసారికి ఆవిడ నన్ను పట్టేసింది. చావిట్లో మంచం మీద కూర్చుని ఉంది. దూడ ఆవు పొదుగుని కుమ్ముతూ తాగుతోంది.

"శుభ్రంగా తాగుతుంది గదే ఇది. ఎందుకు తిప్పుతున్నావు నన్ను?" అంది.

"దూడకేం లేదత్తయ్యా. మీ కోసమే తిప్పుతున్నాను. మీ జబ్బు ఆ అటక మీదుంది."

"నోర్ముయ్. పంటనట్టా అంటారా? కళ్ళు పోతాయి."

"ఇక్కడ పడుకున్నన్నాళ్ళూ దగ్గారా? బావి నుంచి వచ్చేటప్పుడు ఎక్కడైనా కూర్చున్నారా? మీరే చెప్పండి."

ఆవిడ ఆవు వీపు మీద చెయ్యి వేసి నిమురుతూ, గట్టిగా ఊపిరి లోపలికి పీల్చి వదిలింది. మళ్ళీ పీల్చింది. కొత్త చీర మడత విప్పి చూసుకున్నట్టు నెమ్మదిగా, రెండు మూడుసార్లు. ఆవిడ కళ్ళల్లో నీళ్ళు తిరగటం నేను చూడటం అదే మొదలు.

"నేనీడ పడుకుంటే పంటనెవరు చూస్తారే?" అంది చివరికి.

"నేను చూస్తాను."

"నీకూ వస్తదేమో, దగ్గు."

అన్నీ ఆలోచించాననుకున్నాను గానీ ఆ మాట ఆవిడ నోటి నుంచి వస్తుందని ఆలోచించలేదు. "వస్తే మనిద్దరం ఇక్కడే పడుకుందాం లెండి" అన్నాను నవ్వి. ఆ రోజు నుంచి ఆవిడంటే నాకు భయం పోయింది. ప్రేమ అనేదేదో అప్పుడే మొదలైందనుకుంటాను.

చావిడి ఉత్తరం చివర నాపరాళ్ళు కడిగి, తడిక అడ్డంపెట్టి, మంచం వేయించాను. దోమలకి సాయంత్రం వేసే వేపాకు పొగ ఆ వైపు రాకుండా చేశాను. పేడవాసన లేదా అంటే ఉంది, ఎందుకు లేదు? కానీ ఆ వాసనకి ఆవిడ ఊపిరి ఆగలేదు. పది రోజులు తిరిగేసరికి తనే రోటి దగ్గర కూర్చుని పచ్చడి నూరింది.

ఊరికి పని దొరికింది. బయటివాళ్ళకి కనిపించేది ఒక్కటే కదా. కోడలు నట్టింట్లో పడుకుంటోంది, అత్త గొడ్లల్లో పడుకుంటోంది. బావి దగ్గర ఒకావిడ, "మాగాణి పిల్ల మహా గట్టిది. అత్తని తీసుకెళ్ళి రాట కాడ కట్టేసింది. ఇంక మేతేస్తదేమో" అంది పక్కావిడతో. నాకు కోపం ఆగలేదు. "వేస్తాను వదినా, మీ అత్తగారికి కూడా కలిపి వెయ్యనా?" అన్నాను. ఆ రోజు నుంచి ఆవిడ ఎదురుగా అనటం మానేసింది, వెనక రెండింతలు అంది.

మా వారు మంచి మనిషి. ఎదురుగా ఉన్నవాళ్ళదే న్యాయమనిపించేంత మంచి మనిషి. నాతో ఉంటే నాదే నిజమనేవారు, అరుగు మీద నలుగురిలో కూర్చుంటే తల దించుకునేవారు.

కష్టమంతా మామయ్యగారితోనే వచ్చింది. చావిడితో పేరు తెచ్చుకున్న మనిషిని, "ఏం మావా, నీ సావిట్లో ఇప్పుడెన్ని తలలు?" అని ఎవరో కుర్రకారు వెక్కిరించారట. ఇంటికొచ్చి, నేను వడ్డించిన కంచం ముందు నుంచి లేచి వెళ్ళిపోయాడు. మూడు రోజులు నా చేతి అన్నం తినలేదు. అత్తయ్యతో మాట్లాడలేదు. నాలుగో రోజు గుమ్మం అవతల నిలబడి, నా వైపు చూడకుండా చెప్పాడు.

"ఎల్లుండి మా బావనీ మీ నాన్ననీ రమ్మన్నా. ఆవిడ ఆ రోజు నట్టింట్లోకి రావాల. రాకపోతే నువ్వు మీ నాన్నెంట బయల్దేరు."

ఆ రెండు రోజులు నేను అన్నీ ఆలోచించుకున్నాను. సరేనని మంచం లోపల వేయిస్తే నా కాపురం నిలబడుతుంది. అత్తయ్య మళ్ళీ ఆ ఎర్రదుమ్ము కిందకి పోతుంది, ఎన్నేళ్ళు బతుకుతుందో తెలియదు. వెయ్యించకపోతే నేను పుట్టింటి గడపలో ఉంటాను, అప్పుడూ ఆవిడ్ని లోపలికే తోస్తారు. ఎటు చూసినా ఆవిడ ఊపిరికే ఎసరు. నేనున్న చోటు నుంచి కదిలితే అడిగే దిక్కు కూడా ఉండదు కాబట్టి కదలకూడదని గట్టిగా అనుకున్నాను.

పెద్దలు వచ్చారు. అత్తయ్య అన్నగారు ఒంగోలు వైపు నుంచి తెల్లారేసరికే దిగాడు. మా నాన్న పొన్నూరు నుంచి ఎండెక్కాక వచ్చాడు. గుమ్మంలోకి వస్తూనే యథాప్రకారం తుమ్మాడు గానీ ఈసారి ఎవరూ నవ్వలేదు. మామయ్యగారితో కలిసి ముగ్గురూ చావిడి ముందు వేపచెట్టు నీడలో మంచాలు వేసుకుని కూర్చున్నారు. నేను తడిక వెనక నిలబడ్డాను. అత్తయ్య నా పక్కనే ఆవు గంగడోలు నిమురుతూ నిలబడింది.

అన్నగారు గొంతెత్తాడు. "మా చెల్లెల్ని గొడ్లల్లో పడుకోబెట్టటానికా నీకిచ్చింది? ఏం పుట్టింది దానికి? అంటురోగమా?"

మా నాన్న తల ఎత్తలేదు. "మా పిల్ల నోరు మంచిది కాదు గానీ మనసు మంచిదేనండీ" అన్నాడు. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

నేను తడిక వెనక నుంచే చెప్పాను. ఆవు ఈనిన దగ్గర నుంచి ఏం చూశానో అంతా చెప్పాను. నేనాడిన అబద్ధాలు కూడా చెప్పాను. మధ్యలో ఎవరూ ఆపలేదు. మామయ్యగారు మాత్రం కండువాతో ఈగల్ని తోలుకుంటూ నేలచూపులు చూస్తున్నాడు.

అన్నగారు ఆలోచించాడు. కోపిష్టి గానీ మూర్ఖుడు కాదు. "సరే, ఘాటుకే ఇదంతా అంటన్నారు గదా. అయితే తేలికైన పని. ఆ కాయలన్నీ దించి ఈ సావిట్లో పోయించు బావా. గాలీ వెలుతురూ ఉంది, చెమ్మ లేదు. మా చెల్లి ఇంట్లో పడుకుంటది. ఎవురికీ మాట రాదు."

మామయ్యగారు ఉలిక్కిపడి లేచి నిలబడ్డాడు.

"సావిట్లోనా? ఆ ఘాటుకి ఎడ్లు ఎట్టా బతుకుతాయి బావా!"

మా నాన్న తలెత్తి ఆయన్ని చూశాడు. ఎద్దు ఒకటి మెడ విదిలిస్తే గంటలు మోగాయి. అత్తయ్య తడిక పక్కకి జరిపి బయటికి వచ్చింది. మగవాళ్ళు కూర్చున్న చోటికి ఆవిడ అలా రావటం నేనెప్పుడూ చూడలేదు.

"మరి నన్నెట్టా పడుకోబెట్టావు బావా, ముప్పయ్యేళ్ళు?" అంది.

గట్టిగా అనలేదు. ఉప్పు ఎక్కడ పెట్టావని అడిగినట్టు అడిగింది.

మామయ్యగారు తల తిప్పి ఇంటివైపు చూశాడు. ఆయన చెడ్డవాడు కాదని ఆ క్షణంలో నాకు అర్థమైంది. ముప్పయ్యేళ్ళుగా ఆ గదిలో ఆయన ఒక్క మధ్యాహ్నం కూడా నడుం వాల్చలేదు. ఎద్దు ఎక్కడ పడుకుంటే బాగుంటుందో రోజుకో చోట నిలబడి చూసిన మనిషి, పెళ్ళాం పడుకునే చోట ఒక్కసారి కూడా నిలబడలేదు. ఆయన ఒక్కడే కాదు, ఆ వైపు ఏ ఇంట్లోనూ ఎవరూ నిలబడలేదు.

ఆయన కండువా తలకి చుట్టుకున్నాడు. కల్లంవైపు వెళ్ళి నిచ్చెన భుజాన వేసుకొచ్చాడు. లోపలికి వెళ్ళి అటకకి ఆనించి తనే ఎక్కాడు. మొదటి బస్తా కదిపేసరికి దుమ్ము లేచి తుమ్ములు అందుకున్నాయి. తుమ్ముల వెనక దగ్గు. దగ్గుతూనే ఉన్నాడు, దించుతూనే ఉన్నాడు. కాసేపటికి మా వారు వచ్చి కింద నుంచి అందుకున్నారు. తరవాత అన్నగారు వచ్చాడు. చివరికి మా నాన్న కూడా పంచె ఎగ్గట్టి వచ్చాడు. నలుగురు మగవాళ్ళూ కళ్ళూ ముక్కూ కారుతూ, ఒకళ్ళనొకళ్ళు తిట్టుకుంటూ, ఆ రోజు సాయంత్రానికి అటక ఖాళీ చేశారు. అత్తయ్య మొలలో తాళం తీసి మేకుకి తగిలించింది. ఆ ఏడు ధర కోసం శ్రావణం దాకా కాచుక్కూర్చోలేదు. మర్నాడే బండ్లు కట్టి గుంటూరు తోలించారు.

జ్యేష్ఠంలో మామయ్యగారు పెరడు చివర, ఇంటికి దూరంగా, పంటకని వేరే కొట్టు కట్టించాడు. కింద నాపరాళ్ళు, చెమ్మ ఎక్కకుండా మోకాలెత్తు అరుగు. ఆ పని అయ్యాక మేస్త్రిని నడిమి గదిలోకి తీసుకొచ్చాడు. నేను వంటింట్లో ఉన్నాను. "అమ్మాయ్, ఇటు రా" అని పిలిచాడు. వెళ్ళి గుమ్మంలో నిలబడ్డాను.

"కిటికీ ఏడ పెట్టమంటావు?" అన్నాడు.

ఆ ఇంట్లో నన్ను ఒక మాట అడగటం అదే మొదలు. మేస్త్రి నా మొహం చూశాడు, ఆయన మొహం చూశాడు. నేను, "ఒకటి కాదు మామయ్యగారూ, రెండు. ఎదురెదురుగా, మీ చావిడికున్నట్టు" అన్నాను. ఆయన మూతి బిగించి నవ్వాపుకున్నాడు. "ఇన్నావుగా, ఆవిడ చెప్పినట్టు కొట్టు" అన్నాడు మేస్త్రితో. గోడకి మొదటి దెబ్బ పడి, అవతలి వెలుతురు గుప్పెడంత లోపలికి వచ్చినప్పుడు నాకు కలిగినంత గర్వం, తరవాత పిల్లలు పుట్టినప్పుడు కూడా కలగలేదేమో. ఇలా అంటే మా పిల్లలు కోప్పడతారు. కోప్పడనీ.

రెండు మూడేళ్ళలో మా వీధిలో ఇంకో నాలుగిళ్ళు అటకలు దించి కొట్లు కట్టుకున్నాయి. బావి దగ్గర నన్ను ఆడిపోసుకున్నావిడ కూడా ఒకరోజు వచ్చి, గోడకీ గోడకీ మధ్య అడుగులు కొలుచుకుని వెళ్ళింది. నేను మంచినీళ్ళిచ్చాను, ఏమీ అనలేదు. అనాలని నోరు దురద పెట్టిన మాట నిజం. అప్పటి నుంచి నాకొక అలవాటైంది. ఎవరింట్లోనైనా ఎవరికైనా తెగని జబ్బని వింటే, ఏం తింటున్నారని అడగను, ఏ మందు వాడుతున్నారని అడగను. ఏడీ, పడుకునే చోటు ఒకసారి చూపించండి అంటాను. చాలామందికి ఎబ్బెట్టుగా ఉంటుంది. కొంతమంది మాత్రం చూపించారు, వాళ్ళలో కొంతమంది బాగుపడ్డారు.

కిటికీలు పెట్టి, అత్తయ్య మంచం మళ్ళీ నడిమి గదిలో వేసిన మరుసటి ఏడు వైశాఖంలో ఒక మధ్యాహ్నం సుడిగాలి లేచింది. కల్లంలో పొట్టూ దుమ్మూ ఇంటి మీదకి వస్తుంటే నడిమి గది కిటికీలు రెండూ మూసేశాను. గాలి తగ్గింది. తియ్యటం మరిచిపోయి పొయ్యి దగ్గర కూర్చున్నాను. అత్తయ్య మిరపచేలో ఆఖరి కోత చూసుకుని నడిచి వస్తోంది. గేటు దగ్గరే కిటికీలు మూసి ఉండటం చూసింది.

"ఏమే, బుద్ధుందా నీకు, మధ్యాన్నం పూట కిటికీలు బిగించుక్కూచున్నావు, ఎవురికోసమని పడగొట్టించావే ఆ గోడలు, ఊళ్ళోవాళ్ళతో మాటలు పడింది ఇందుకా, సుడిగాలి పోయి ఎంతసేపయింది, ఉడికి చస్తావా లోపల, మీ మాగాణోళ్ళకి నీళ్ళు తప్ప గాలి సంగతి తెల్దనుకుంటా, లే, లేచి తియ్యి ముందు, నిన్ను కాదూ అనేది!"

గేటు దగ్గర మొదలుపెట్టింది, వాకిలి దాటింది, మెట్లెక్కింది, గడప దాటింది, నా ఎదురుగా వచ్చి నిలబడేదాకా తిడుతూనే ఉంది. నేను గరిట పట్టుకుని ఎదురుచూస్తున్నాను, ఇప్పుడు దగ్గు వస్తుంది, ఇప్పుడు ఆగుతుంది అని. రాలేదు. ఆగలేదు. ఆవిడ రొమ్ము మామూలుగా లేచి దిగుతోంది. ఎండకి ఎర్రబడిన మొహంలో కోపం తప్ప ఏ ఆయాసమూ లేదు.

"ఏంటే అట్టా చూస్తావు?" అంది.

ఎవరేమన్నా తిరిగి ఒక మాట అప్పజెప్పందే నిద్రపట్టని దాన్ని నేను. ఆ రోజు ఒక్క మాట కూడా అనలేదు. గరిట కింద పెట్టి, వెళ్ళి కిటికీలు తీశాను.